నిజం చెప్పినవాడికే నష్టం తెచ్చే రూలు: ఒక రెసిడెన్షియల్ క్యాంపస్ కోవిడ్ కేస్ స్టడీ

ఇది ఒక రెసిడెన్షియల్ కాలేజీ కేసు. విద్యార్థుల్లో ఎక్కువమంది హాస్టళ్లలోనే ఉంటారు, గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున. కాలం 2021 చివరి నెలల నుంచి 2022 మొదటి సగం దాకా. డెల్టా ఉధృతి తగ్గింది, చాలామందికి రెండు డోసుల టీకా పూర్తయింది, క్యాంపస్ దశలవారీగా తెరుచుకుంటోంది. అంతలో ఒక హాస్టల్లో కేసులు గుంపుగా బయటపడ్డాయి. నియమావళిని సరిచూడటానికి బయటి ప్రజారోగ్య వైద్యుణ్ణి పిలవాలని యాజమాన్యం అనుకుంది. ఆ పని నాకు వచ్చింది. కాలేజీని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. హాస్టళ్లున్న ఏ విద్యాసంస్థలోనైనా ఇదే జరగవచ్చు కాబట్టి పేరుతో పనిలేదు.

రూల్స్ లేక కేసులు వచ్చాయని ఎవరూ అనలేరు. నా చేతికిచ్చిన ఫైలు లావుగానే ఉంది. గేటు దగ్గర థర్మల్ గన్, ప్రతి గుమ్మం దగ్గర శానిటైజర్, వరండాల్లో రాకపోకలకు వేర్వేరు బాణం గుర్తులు, తరగతిలో సీటు వదిలి సీటు, సాయంత్రం బెంచీల మీద మందు పిచికారీ, మాస్కు ముక్కు కిందికి జారితే జరిమానా. రోజూ పొద్దున్నే ఫోన్లో నింపాల్సిన ఆరోగ్య ఫారం. ఒకరికి పాజిటివ్ వస్తే ఆ అంతస్తు మొత్తానికి 14 రోజుల క్వారంటైన్. తిరిగి తరగతికి రావాలంటే ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు.

ఈ రూల్స్ ఏవి ఎప్పటివో చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. దాదాపు అన్నీ 2020 మొదటి నెలల నాటి అవగాహనతో రాసినవే. అప్పట్లో వైరస్ ప్రధానంగా తుంపర్ల ద్వారా, తాకిన వస్తువుల ద్వారా వస్తుందనుకున్నారు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలి ద్వారా వ్యాపించేది కాదని సోషల్ మీడియాలో ఖాయంగా ప్రకటించింది కూడా. అదే ఏడాది జులైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన బహిరంగ లేఖకు 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికారు. గాలిలో తేలే సూక్ష్మకణాల సంగతి పట్టించుకోండన్నది అందులోని సారాంశం. 2021 ఏప్రిల్‌కల్లా అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని చెప్పింది. కాలేజీ ఫైల్లో మాత్రం బెంచీల పిచికారీ అలాగే ఉంది. రూలు చేర్చడానికి ఒక సర్క్యులర్ చాలు. తీసేయడానికి సంతకం పెట్టేవాడు దొరకడు. రేపు ఏదైనా జరిగితే తీసేసిన చెయ్యి ఎవరిదని అడుగుతారన్న భయం. ఈ భయం నేను చూసిన ప్రతి సంస్థలోనూ ఉంది.

ఫారం ఒకటి చెబుతోంది, మందుల గది ఒకటి చెబుతోంది

నేను మొదట అడిగింది కేసుల జాబితా కాదు. రోజువారీ ఆరోగ్య ఫారాల లెక్క, క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో మందులిచ్చిన రిజిస్టరు, రెండూ పక్కపక్కన కావాలన్నాను.

ఫారాల్లో అందరూ బాగున్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు. కేసులు బయటపడటానికి ముందు వారంలోనూ అంతే. మందుల రిజిస్టరులో అదే వారం పారాసెటమాల్, జలుబు మాత్రలు మామూలు కన్నా ఎక్కువగా వెళ్లాయి. అవి ఒకే హాస్టల్ పిల్లల పేర్ల మీద రాసి ఉన్నాయి. జ్వరం మాత్ర తీసుకున్న రోజునే ఫారంలో "లక్షణాలు లేవు" అని నొక్కినవాళ్లు కనిపించారు. మాత్ర వేసుకున్నాక గేటు దగ్గర థర్మల్ గన్‌కు దొరికే ప్రసక్తే లేదు. ఎలాగూ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు, లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటించగలరు. ఆ గన్ కాపలా ఎవరిని పట్టుకుంటుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఎండలో నడిచి వచ్చినవాణ్ణి పట్టుకున్న సందర్భాలు మాత్రం చూశాను.

పిల్లలు అబద్ధాలాడుతున్నారని వార్డెన్ తేల్చేశారు. ఫారం తప్పుగా నింపితే సస్పెన్షన్ అని ఒక కొత్త రూలు కూడా సిద్ధం చేసి పెట్టారు. అది జారీ కాకుండా ముందు ఆపించాను. తరువాత విద్యార్థులతో విడివిడిగా, పేర్లు రాసుకోకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకబ్బాయి తిన్నగా చెప్పాడు: "చెబితే నా రూమ్మేట్లనే కాదు, ఫ్లోర్ మొత్తాన్ని లోపలేస్తారు సార్. నా ఒక్కడి దగ్గు వల్ల అందరి ల్యాబులూ పోతే ఆ తరవాత నేను ఆ ఫ్లోర్‌లో ఉండగలనా?"

కేసంతా ఆ మాటలోనే ఉంది. ఒక విద్యార్థి లక్షణం ఉందని నొక్కితే ఏమవుతుందో వరసగా రాసుకున్నాం. అటెండెన్స్ పోతుంది, ఎందుకంటే మినహాయింపుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, డాక్టరు రిపోర్టు రాకుండా సర్టిఫికెట్ ఇవ్వడు. ల్యాబ్ మళ్లీ పెట్టరు. ఇంటర్నల్ పరీక్ష తప్పితే సున్నా. ఐసొలేషన్ బ్లాకులో నెట్ రాదు కాబట్టి ఆన్‌లైన్ తరగతీ లేదు. అంతస్తులో అందరూ శాపనార్థాలు పెడతారు. కోలుకున్నా ఆర్టీపీసీఆర్ నెగెటివ్ వచ్చేదాకా బయటికి రానివ్వరు. ఆ పరీక్ష చచ్చిన వైరస్ తునకలనూ పట్టుకుంటుంది, అంటువ్యాధి దశ దాటాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపించవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే చివర్లోనే విడుదలకు నెగెటివ్ పరీక్ష అడగనక్కర్లేదంది. ఇక్కడ ఏడాదిన్నర తరువాత కూడా అడుగుతున్నారు.

మరి "లక్షణాలు లేవు" అని నొక్కితే? ఏమీ కాదు.

ఇలాంటి లెక్క ముందు పెట్టి పిల్లల నిజాయితీని పరీక్షించడం నాకు అన్యాయంగా తోచింది. రోగం దాచడం వాళ్ల దుర్గుణం కాదు, ఆ నియమావళి నేర్పిన తెలివి. యాజమాన్యానికి ఇచ్చిన మొదటి నివేదికలో దీన్ని ఇంత నిష్ఠూరంగా రాయలేదు గానీ అర్థం ఇదే.

పెద్ద క్యాంపస్‌లలో ఏం జరిగింది

నియమావళిని సరిచూసే కమిటీ సమావేశంలో రెండు అమెరికన్ విశ్వవిద్యాలయాల ఉదాహరణలు పెట్టాను. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం 2020 ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టి, హాస్టళ్లలో కేసులు గుంపులుగా రావడంతో ఆగస్టు 17నే అండర్ గ్రాడ్యుయేట్ తరగతులను ఆన్‌లైన్‌కు మారుస్తున్నట్టు ప్రకటించింది. వారంలో తలకిందులైంది. తరగతి గదుల్లో దూరం, మాస్కులు అన్నీ ఉన్నాయి. వైరస్ వెళ్లింది పిల్లలు నిద్రపోయే, కలిసి కూర్చునే చోట్లకు.

రెండోది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ క్యాంపస్. వాళ్లు లాలాజలంతో చేసే సొంత పరీక్ష తయారుచేసుకుని వారానికి రెండుసార్లు అందరికీ చేశారు. నైజెల్ గోల్డెన్‌ఫెల్డ్, సెర్గీ మాస్లోవ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యులు కేసుల గమనాన్ని గణిత నమూనాతో అంచనా వేశారు. పార్టీలు జరుగుతాయని కూడా ఆ నమూనాలో లెక్క కట్టారు. పాజిటివ్ అని తెలిసినవాళ్లు ఐసొలేషన్ వదిలి పార్టీలకు వెళ్తారని మాత్రం ఊహించలేదు. సెప్టెంబరు మొదట్లో కేసులు పెరగడంతో ఆంక్షలు బిగించాల్సి వచ్చింది, ఆ తరువాత తగ్గాయి. పరీక్ష ఎంత గొప్పదైనా ఫలితం వచ్చిన తరువాతి గంట మనిషి చేతిలో ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆరిజోనా విశ్వవిద్యాలయం హాస్టల్ మురుగునీటిలో వైరస్ జాడ చూసి, ఆ భవనంలోని 311 మందికి పరీక్షలు చేసి, లక్షణాలు లేని ఇద్దరిని పట్టుకున్న సంగతి కూడా చర్చకు వచ్చింది. మాకది కుదరలేదు. హాస్టళ్ల డ్రైనేజీ లైన్లన్నీ భవనం దాటకముందే కలిసిపోయాయి, ఏది ఎక్కడిదో తేలదు. ఆ ఆలోచన వదిలేశాం.

చెప్పినవాడికి నష్టం లేకుండా

రాసిన మొదటి మార్పు ఆరోగ్యం గురించి కాదు, హాజరు గురించి. లక్షణం ఉందని ఫారంలో నొక్కిన క్షణం నుంచి అటెండెన్స్ దానంతటదే మినహాయింపులోకి పోతుంది. సర్టిఫికెట్ అడగకూడదు. తప్పిన ల్యాబుకు, ఇంటర్నల్‌కు ఇంకో తేదీ ఉండాలి. ఆ తేదీ సెమిస్టర్ మొదట్లోనే ప్రకటించాలి, అడుక్కోవాల్సిన పని ఉండకూడదు.

అధ్యాపకులు గట్టిగా వ్యతిరేకించారు. పరీక్ష రోజున సగం క్లాసుకు దగ్గు పుట్టుకొస్తుందన్నారు. పుట్టుకొస్తుంది, కొందరికి. నేనూ కాలేజీలో చదివినవాణ్ణే. నేనడిగింది ఒక్కటే: లేని దగ్గు చెప్పినవాడి వల్ల పోయేది ఒక పరీక్ష తేదీ, ఉన్న దగ్గు దాచినవాడి వల్ల పోయేది ఒక అంతస్తు. ఏది భరించగలరు? రెండు సమావేశాల వాదన తరువాత ఒక సవరణతో ఒప్పుకున్నారు. మినహాయింపు అడిగినవాళ్లు అదే రోజు హెల్త్ సెంటర్‌లో యాంటిజెన్ పరీక్ష (నిమిషాల్లో ఫలితం తేలేది) చేయించుకోవాలి, నెగెటివ్ వస్తే 48 గంటల తరువాత ఇంకోసారి. మినహాయింపు మాత్రం ఫలితంతో సంబంధం లేకుండా నిలుస్తుంది. ఈ ఆఖరి వాక్యం కోసమే ఎక్కువసేపు పోట్లాడాల్సి వచ్చింది.

రెండో మార్పు కాంటాక్ట్, అంటే రోగికి దగ్గరగా మెలిగినవాడు, ఎవరన్నది. అప్పటి సీడీసీ నిర్వచనం ప్రకారం ఆరడుగుల లోపు, 24 గంటల్లో మొత్తం 15 నిమిషాలు గడిపినవాళ్లు కాంటాక్టులు. హాస్టల్‌కు ఇది రెండువైపులా తప్పుతుంది. తలుపులు మూసిన గదిలో పది అడుగుల దూరంలో రాత్రంతా పడుకున్నవాడు ఇందులోకి రాడు, ఆరుబయట పక్కన నడిచినవాడు వస్తాడు. మేము దూరం వదిలేసి గాలిని పట్టుకున్నాం. ఒకే గదిలో పడుకున్నవాళ్లు, మాస్కు లేకుండా కలిసి భోంచేసినవాళ్లు, మూసిన గదిలో కలిసి చదువుకున్నవాళ్లు. అంతే. అంతస్తు మొత్తాన్ని బంధించడం రద్దయింది. లక్షణాలు లేని కాంటాక్టులు రోజూ పరీక్ష చేయించుకుంటూ మాస్కుతో తరగతికి రావచ్చు. మెస్‌లో మాత్రం కూర్చోకూడదు, ప్లేటు తీసుకెళ్లిపోవాలి.

మూడోది ఆరోగ్యాన్ని క్రమశిక్షణ నుంచి విడదీయడం. కాంటాక్టుల జాబితా వార్డెన్ కార్యాలయానికి పోకూడదని రాశాం. ఎందుకంటే ఎవరితో కలిశావని అడిగితే, వాళ్లు కలిసిన చోటు కూడా బయటపడుతుంది. అది రాత్రి కర్ఫ్యూ దాటాక మేడ మీద కావచ్చు, ఇంకో హాస్టల్లో కావచ్చు. "డాక్టరు గారూ, అంటే తప్పు చేసినవాణ్ణి తెలిసి తెలిసి వదిలేయమంటారా?" అని వార్డెన్ నొచ్చుకున్నారు. ఆయన బాధ అర్థం కానిది కాదు. ఆయన వైపు నుంచి చూస్తే మేము ఆయన చేతులు కట్టేస్తున్నాం. కానీ దొంగతనంగా కలిసిన ఎనిమిది మందిలో ఇద్దరి పేర్లే చెబితే మిగతా ఆరుగురి ద్వారా వైరస్ నడుస్తూనే ఉంటుంది. ట్రేసింగ్‌లో, అంటే ఎవరెవరిని కలిశారని ఆరా తీసేటప్పుడు, చెప్పిన ఏ విషయం మీదా శిక్ష ఉండదని ప్రిన్సిపల్ సంతకంతో కాగితం గోడలకెక్కింది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. మేడ మీద పుట్టినరోజు జరుపుకున్న ఒక గుంపులో ఒకమ్మాయి మొత్తం పేర్లు చెప్పి, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక నమ్మకం పుట్టింది. కాగితం చేయలేని పని ఆమె చేసింది.

గాలి లెక్క

కేసులు బయటపడ్డ హాస్టల్లో ఎవరు ఎక్కడ కలిశారో గీసి చూస్తే గీతలు ఎక్కువగా కింది అంతస్తులోని స్టడీ రూమ్ దగ్గర కలిశాయి. ఏసీ గది. కిటికీలు మూసి ఉంటాయి. పరీక్షల ముందు అర్ధరాత్రి దాకా నిండుగా ఉంటుంది. ఏసీ ఉంది కాబట్టి గాలి మారుతూ ఉంటుందని అందరూ అనుకున్నారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక ఎన్ని ఆఫీసుల్లో, తరగతుల్లో "వెంటిలేషన్ ఉంది" అని రాసుకున్నారో.

చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు పట్టుకుని గదులన్నీ తిరిగాం. బయటి గాలిలో ఇది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 420 వంతులు. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. కాబట్టి గదిలో మీటరు 800 చూపిస్తే పీల్చే ప్రతి వంద వంతుల్లో ఒక వంతు ఇంకొకరి ఊపిరితిత్తుల నుంచి వచ్చిందే. 2,300 చూపిస్తే ఐదు వంతులు. ఇలా చెప్పేసరికి అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న కమిటీ సభ్యులు తలెత్తారు. సిగరెట్ పొగలాగా ఊహించుకోమన్నాను. ఆరడుగుల దూరంలో కూర్చున్నంత మాత్రాన పొగ రాకుండా ఉండదు, కిటికీ తీస్తే పోతుంది.

పెద్ద లెక్చర్ హాళ్లు, ఎత్తయిన పైకప్పులు, రెండువైపులా తెరిచిన కిటికీలు: మీటరు పెద్దగా కదలలేదు. సీటు వదిలి సీటు రూలు కఠినంగా అమలైంది అక్కడే. స్టడీ రూమ్‌లోనూ, మెస్ మూల గదిలోనూ, డ్రైవర్ల విశ్రాంతి గదిలోనూ మీటరు పైపైకి పోయింది. అక్కడ ఏ రూలూ లేదు. కాపలా ఒకచోట, దొంగ ఇంకోచోట.

స్టడీ రూమ్‌లో రెండు కిటికీలు కొంచెం తెరిచి ఉంచేలా చీల కొట్టించాం, బయటికి గాలి లాగే ఫ్యాను పెట్టించాం. ఏసీ బిల్లు పెరుగుతుందని ఎస్టేట్ విభాగం గొణిగింది. కిటికీ తెరవడానికి వీల్లేని ల్యాబుల్లో కోర్సీ-రోసెంతల్ బాక్సులు కట్టించాం. సన్నటి కణాలను పట్టే మెర్వ్-13 రకం ఫిల్టర్లు నాలుగింటిని పెట్టెలాగా అతికించి పైన ఫ్యాను బిగించే ఏర్పాటు ఇది. రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతల్ 2020లో ప్రచారంలోకి తెచ్చారు. ఇంజినీరింగ్ విద్యార్థులే కట్టారు. తరువాత వాళ్లే మీటరు పట్టుకుని వచ్చి, అంకె తగ్గలేదు, పెట్టె పనిచేయడం లేదన్నారు. ఫిల్టరు కణాలను పట్టుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోదు. మీటరు చూపేది కొత్త గాలి వస్తోందా లేదా అన్నది మాత్రమే. ఈ తేడా ముందే చెప్పకపోతే మంచి పరికరాన్ని మూలన పడేస్తారు. అసలు ఇబ్బంది చప్పుడు. లెక్చరర్లు పాఠం మొదలవగానే స్విచ్ ఆపేసేవారు. ఫ్యాను వేగం తగ్గించి, ఒక పెట్టెకు బదులు రెండు పెట్టాల్సి వచ్చింది.

సాయంత్రపు పిచికారీ మానిపించడం కష్టమైంది. కళ్లకు కనిపించే పని కదా, అది జరుగుతుంటే ఏదో చేస్తున్నారన్న ధైర్యం. చివరికి రోజువారీ మామూలు శుభ్రతకు తగ్గించి, మిగిలిన సిబ్బంది సమయాన్ని కిటికీలు తెరవడానికి, ఫిల్టర్లు మార్చడానికి మళ్లించాం. గేటు దగ్గర శరీరం మీద మందు చల్లే సొరంగం ఒకటి మూలన పడి ఉంది. మనుషుల మీద మందు చల్లవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. దాన్ని తుక్కుకు వేయించాను.

ఫైల్లో లేని మనుషులు

నియమావళి మొత్తంలో "విద్యార్థి", "అధ్యాపకుడు" అన్న మాటలు పేజీకోసారి వస్తాయి. మెస్‌లో వడ్డించేవాళ్లు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు, రాత్రి కాపలావాళ్లు ఎక్కడా లేరు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, కాలేజీ మనుషులు కారు. కానీ ఒక రోజులో అన్ని హాస్టళ్లూ తిరిగేది వాళ్లే. విద్యార్థి తన అంతస్తులో ఉంటాడు, వడ్డించే మనిషి వందల మంది ముందు నిలబడతాడు. ఐసొలేషన్ బ్లాకుకు భోజనం మోసేదీ అతనే. అతనికి ఇచ్చింది పలచటి గుడ్డ మాస్కు.

వాళ్లలో జ్వరం వచ్చినా పనికి వచ్చినవాళ్లు ఉన్నారని సూపర్‌వైజరే ఒప్పుకున్నాడు. రాకపోతే ఆ రోజు కూలి లేదు, నాలుగు రోజులు రాకపోతే వాళ్ల చోట ఇంకొకరు. విద్యార్థి దాచింది అటెండెన్స్ కోసం, వీళ్లు దాచింది కూలి కోసం. లెక్క ఒకటే, పందెం పెద్దది.

ఇక్కడ నేను మొండిగా ఉన్నాను. విద్యార్థుల రూల్స్ అన్నీ అమలుచేసి ఈ ఒక్కటి వదిలేస్తే నా సంతకం ఉండదన్నాను. జ్వరం, దగ్గు చెప్పిన కాంట్రాక్టు కార్మికుడికి ఐసొలేషన్ రోజుల కూలి కాలేజీ ఇవ్వాలి. ఆ రోజుల్లో వేరొకరిని పెట్టినా తిరిగి వచ్చాక పని అతనిదే. మొదట ఆర్థిక విభాగం కాదంది. ఒక హాస్టల్ మూసేస్తే అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూపించాక, సెమిస్టర్ వరకు అని రాసి ఒప్పుకున్నారు. ఐసొలేషన్ బ్లాకులో పనిచేసేవాళ్లకు ఎన్‌95 మాస్కులు, అవి ముఖానికి అంచుల్లో సందు లేకుండా కూర్చుంటున్నాయో లేదో చూసే పద్ధతి నేర్పించాం. టీకా రెండో డోసు పడనివాళ్లు ఈ బృందంలోనే ఎక్కువమంది ఉన్నట్టు అప్పుడే తెలిసింది. పని వేళల్లో క్యూలో నిలబడటానికి వీలు కాలేదంతే. షిఫ్టు మధ్యలో హెల్త్ సెంటర్‌లోనే వేయించే ఏర్పాటు చేశాక అది తీరిపోయింది.

ఐసొలేషన్ బ్లాకు గురించి క్లుప్తంగా. నెట్ పెట్టించాం, నిజానికి అందరికన్నా ముందు జరగాల్సిన పని అది. రోజుకు రెండుసార్లు నర్సు ఫోను. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరు గదికొకటి. ఆ అంకె 94 కన్నా తగ్గినా, ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా ఎవరిని పిలవాలో తలుపు లోపలివైపు పెద్ద అక్షరాల్లో. యువకులే కదా అని తేలిగ్గా తీసుకోలేదు, ఆస్తమా ఉన్నవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు క్యాంపస్‌లో ఉంటారు. విడుదలకు ఆర్టీపీసీఆర్ తీసేసి, లక్షణాలు మొదలై 10 రోజులు గడిచి, జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం లేకపోతే చాలని రాశాం.

ఒమిక్రాన్ వచ్చాక

2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. మేము రాసిన రూల్స్ మీద తడి ఆరలేదు. మొదటి రకాల్లో సోకిన నాటి నుంచి లక్షణాలు కనిపించడానికి సగటున ఐదు రోజులు పట్టేది, ఇందులో మూడు రోజుల దగ్గరికి వచ్చింది. టీకా పడ్డవాళ్లకూ సోకుతోంది, తీవ్రత తక్కువగా ఉంటోంది. మా ట్రేసింగ్ బృందం ఒక కేసు కాంటాక్టులకు ఫోన్లు చేసేలోపు ఆ కాంటాక్టుల్లోంచి కొత్త కేసులు వచ్చేశాయి. ఇంత వేగంలో ట్రేసింగ్ నడిపించడం వృథా.

దాన్ని ఆపేశాం. పాజిటివ్ వచ్చినవాడే తన స్నేహితులకు మెసేజ్ పంపే పద్ధతి పెట్టాం, ఏం రాయాలో నమూనా ఇచ్చాం. ఆశ్చర్యపడాల్సిన పనిలేదు గానీ, మా ఫోన్ల కన్నా అది వేగంగా వెళ్లింది. చెప్పడంలో ప్రమాదం పోయాక పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడానికి వెనకాడలేదు. లక్షణం నొక్కిన వాళ్ల సంఖ్య పెరగడం చూసి పాలకమండలిలో ఒకాయన రూల్స్ విఫలమయ్యాయన్నారు. ఫారాల లెక్క, మందుల లెక్క ఇప్పుడు ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి పోతున్నాయని చూపించాను. అంకె పెరిగిందంటే రోగం పెరిగిందనే కాదు, దాపరికం తగ్గిందని కూడా. రెంటిలో ఏది ఎంతన్నది ఇంకో లెక్కతో పోల్చకుండా తేలదు.

డిసెంబరు 27న సీడీసీ ఐసొలేషన్‌ను 5 రోజులకు తగ్గించి, మరో 5 రోజులు మాస్కు పెట్టుకోమంది. యాజమాన్యం వెంటనే అదే కావాలంది, గదులు నిండిపోతున్నాయి కాబట్టి. 5 రోజుల తరువాత కూడా కొందరు అంటించగలరు. ఆరో రోజు యాంటిజెన్ నెగెటివ్ వస్తేనే బయటికి, లేకపోతే పదో రోజుదాకా లోపలే అన్న షరతుతో ఒప్పుకున్నాను. విడుదలైనవాళ్లు పదో రోజు దాకా మెస్‌లో కూర్చోకూడదు. ఈ రాజీ సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఒమిక్రాన్ అల క్యాంపస్‌ను తాకకుండా పోలేదు. చాలామందికి సోకింది. తరగతులు మాత్రం ఆగలేదు, హాస్టల్ ఏదీ మూయలేదు. ఇందులో మా రూల్స్ వాటా ఎంత, టీకాల వాటా ఎంత అని విడదీసి చెప్పే పద్ధతి ఒక్క క్యాంపస్ అనుభవంలో ఉండదు. పోల్చడానికి ఇంకో క్యాంపస్ మా దగ్గర లేదు.

లొంగనివి కొన్ని మిగిలాయి. ఐసొలేషన్‌లో ఒంటరితనానికి మేము చేసింది చాలదు. ఫోన్లో మాట్లాడే కౌన్సెలర్ ఒక్కరే, వరుస పెద్దది. పరీక్షల వారంలో లక్షణాలు దాచడం కొంత మళ్లీ కనిపించింది, ముఖ్యంగా ఆఖరి సంవత్సరం వాళ్లలో. ఉద్యోగ ఇంటర్వ్యూలు బయటి కంపెనీల చేతుల్లో ఉంటాయి, వాటికి ఇంకో తేదీ ఇవ్వమని కాలేజీ అడగగలదు, శాసించలేదు. థర్మల్ గన్ వద్దన్న నా సిఫార్సును పక్కన పెట్టారు. అది గేటు దగ్గరే ఉండిపోయింది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించే నాటికి ఆ కమిటీ లేదు, నియమావళిలో చాలా భాగం రద్దయింది. సర్టిఫికెట్ లేని అటెండెన్స్ మినహాయింపును సెమిస్టర్‌కు కొన్ని రోజులకు కుదించి ఉంచారు. సెమిస్టర్ వరకు అని ఒప్పుకున్న జ్వరపు రోజుల కూలి షరతు కాంట్రాక్టు రెన్యువల్‌లో రెండుసార్లు కొనసాగింది. మూడోసారి కొత్త కాంట్రాక్టరు టెండరులో దాన్ని తీసేయమన్నాడు. ఆ ఫైలు ఆర్థిక విభాగంలో ఉండగా నా సలహా ఒప్పందం ముగిసింది.